సిస్టరమ్మల సమాధులకు కొవ్వొత్తి వెలిగించేది ఎవరు? మీ జ్ఞాపకాలు రాయండి

కోరమంగళ_కిరణ్
2 నవంబర్ 2025, రాత్రి 7:40

అందరికీ నమస్కారం. ఈరోజు మన కాథలిక్కుల మృతుల పండుగ. ఈసారి ఆదివారమే పడింది కాబట్టి పూజ అయ్యాక అమ్మను తీసుకుని సమాధుల తోటకు వెళ్లాను. నాన్నగారి సమాధి కడిగి, చామంతులు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించాం. లోపల ఇసుక వేస్తే రాలనంత జనం. ఏ సమాధి దగ్గర చూసినా ఒక కుటుంబం, పిల్లలు, పూలబుట్టలు.

తిరిగి వస్తుంటే గోడవారగా సిస్టర్ల సమాధుల వరస కనిపించింది. అన్నీ ఒకే ఎత్తు, అన్నిటికీ ఒకే రకం సిలువ. రాతి మీద పేరు, పుట్టిన ఏడాది, మాటపట్టు (సన్యాస వ్రతం తీసుకున్న) ఏడాది, చనిపోయిన ఏడాది, అంతే. కాన్వెంటు వాళ్లు పొద్దున్నే వచ్చి వెళ్లినట్టున్నారు, సమాధికొక బంతిపువ్వు ఉంది. ఆ తర్వాత అటువైపు ఎవరూ వచ్చిన జాడ లేదు. అమ్మ సంచిలో చూస్తే నాలుగు కొవ్వొత్తులు మిగిలాయి. వరసలో పద్దెనిమిది సమాధులు. "ఎవరికి పెట్టమంటావురా?" అంది. నాకు నోట మాట రాలేదు.

వాళ్లకు కొడుకులు లేరు, కోడళ్లు లేరు. పుట్టిన ఊళ్లు ఎక్కడో కేరళలో, మంగళూరులో, మన గుంటూరు పల్లెల్లో. వాళ్ల దగ్గర చదువుకున్నది, వాళ్ల చేత మందు వేయించుకున్నది మనం. అందుకే ఈ చర్చ పెడుతున్నాను. మీకు తెలిసిన, ఇప్పుడు లేని ఒక సిస్టర్ గురించి రాయండి. "చాలా మంచావిడ, ప్రేమమూర్తి" అని కాకుండా, ఆవిడ రోజూ ఏం పని చేసేవారో రాయండి. మన వేదిక నియమం ప్రకారం ఈమధ్య కాలం వాళ్ల పేర్లు, స్కూళ్ల పేర్లు వద్దు.

గుంటూరు_కోడలు
2 నవంబర్, రాత్రి 8:25

కిరణ్ గారూ, మేము హిందువులం, రాయొచ్చో లేదో తెలియదు గానీ రాస్తున్నాను. మా మామగారు 1946లో గుంటూరులో సిస్టర్ల ఆసుపత్రిలో పుట్టారు. ఆయన కంటే ముందు ఇద్దరు పురిట్లోనే పోయారట. మా మామగారి నాయనమ్మ బండి కట్టించుకుని కోడల్ని అక్కడికి తీసుకెళ్లిందని, మెడదాకా తెల్లబట్టలు కట్టుకున్న దొరసాని డాక్టరమ్మ కాన్పు చేసిందని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మామగారి పుట్టినరోజు నాడు దేవుడి దగ్గర దీపం పెట్టి "ఆ డాక్టరమ్మకు కూడా" అనడం మా అత్తగారికి అలవాటు. ఆవిడ పేరు మాత్రం ఎవరికీ తెలియదు. చివర్లో బెంగళూరు వెళ్లి అక్కడే చనిపోయిందని విన్నాం. నిజమేనా? ఎవరికైనా తెలుసా?

పాత_పేజీలు
2 నవంబర్, రాత్రి 10:10

@గుంటూరు_కోడలు గారూ, తప్పకుండా రాయండి. మీరు చెబుతున్నది డాక్టర్ మేరీ గ్లోరీ గురించే అయి ఉండాలి. మఠంలో ఆవిడ పేరు సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్. ఆవిడ చనిపోయింది మన బెంగళూరులోనే, 1957 మే 5న.

నాకు తెలిసింది కాస్త వివరంగా చెబుతాను. ఆవిడ ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రంలో 1887లో పుట్టారు. ఆడవాళ్లు మెడిసిన్ చదవడమే అరుదైన రోజుల్లో, 1910లో మెల్‌బోర్న్ యూనివర్సిటీ నుంచి డాక్టరై బయటికి వచ్చారు. మంచి ప్రాక్టీసు ఉండేది. 1915లో ఒక చిన్న పుస్తకం చేతికొచ్చింది. ఆగ్నెస్ మెక్లారెన్ అనే స్కాట్లండ్ డాక్టరమ్మ గురించిన పుస్తకం అది. మన దేశంలో పరదా చాటున ఉండే ఆడవాళ్లు మగ డాక్టరుకు చూపించుకోలేక, కాన్పుల్లో ఎలా చనిపోతున్నారో అందులో ఉంది. అది చదివి ఆవిడ మోకరించి ప్రార్థన చేసి, ఇదే నా పని అనుకున్నారు. 1919లో ప్రసూతి, స్త్రీల వ్యాధులు, కంటి వైద్యాల్లో పై డిగ్రీ కూడా తీసుకుని, 1920 ఫిబ్రవరిలో గుంటూరు చేరారు. అప్పటికే హాలండ్ నుంచి వచ్చిన జేఎంజే (జీసస్ మేరీ జోసెఫ్) సిస్టర్లు 1904 నుంచి గుంటూరులో ఉన్నారు. వాళ్ల సభలో, అంటే సన్యాసినుల సంఘంలో, చేరారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ రోజుల్లో మఠకన్యలు వైద్యం చేయడానికి, ముఖ్యంగా కాన్పులు చేయడానికి, తిరుసభ (కాథలిక్ చర్చి) చట్టం ఒప్పుకునేది కాదు. ఆవిడ డాక్టరుగా పనిచేయడానికి పోపు 15వ బెనెడిక్టు ప్రత్యేకంగా అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. మిగతా సిస్టర్లకు ఆ అనుమతి 1936లో గానీ రాలేదు. అంటే చిన్న డిస్పెన్సరీని ఆసుపత్రిగా పెంచుతూ, కాంపౌండర్లకూ మంత్రసానులకూ నర్సులకూ పని నేర్పుతూ, ఏళ్ల తరబడి ఆవిడే పెద్ద దిక్కు. మన నాటు మందులను, మూలికలను కూడా పక్కకు నెట్టలేదు, శ్రద్ధగా తెలుసుకుని వాడారు.

1943లో కొద్దిమంది సిస్టర్లతో కలిసి కాథలిక్ ఆసుపత్రుల సంఘం పెట్టారు. ఇప్పుడు చాయ్ (కాథలిక్ హెల్త్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా) అని పిలుస్తున్నది అదే. దేశమంతటా మూడు వేలకు పైగా సంస్థలు అందులో ఉన్నాయి. మన దేశంలో కాథలిక్ మెడికల్ కాలేజీ ఒకటి రావాలని ఆవిడ ఎంతో కోరుకున్నారు. చూడకుండానే కేన్సర్‌తో వెళ్లిపోయారు. 1963లో ఆ కాలేజీ వచ్చింది, మన బెంగళూరులోనే, సెయింట్ జాన్స్. ఆవిడ కన్నుమూసిన ఊళ్లోనే, ఆరేళ్లకు. కోరమంగళ నుంచి రోజూ ఆ గేటు ముందే ఆఫీసుకు వెళ్లే తెలుగువాళ్లం ఎంతమందిమి ఉన్నామో! మన గుంటూరుకూ ఆ గేటుకూ ఉన్న ఈ చుట్టరికం తెలిసినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

2013లో తిరుసభ ఆవిడను దైవసేవకురాలిగా ప్రకటించింది. పునీతురాలిగా ప్రకటించే దారిలో అది మొదటి మెట్టు.

గుంటూరు_కోడలు
2 నవంబర్, రాత్రి 10:32

చదివి అత్తగారికి ఫోన్ చేశాను. నిద్రపోతున్న మనిషిని లేపి చెప్పాను. "మేరీ గ్లోరీ, మేరీ గ్లోరీ" అని నాలుగుసార్లు పలికించుకుంది. డెబ్బై తొమ్మిదేళ్ల తర్వాత మా ఇంటికి ఆ పేరు తెలిసింది. మీకు చాలా థాంక్సండీ.

రిటైర్డ్_నర్సు
3 నవంబర్, ఉదయం 6:15

నేను 1978లో నర్సింగ్ చదవడానికి ప్రకాశం జిల్లా నుంచి బెంగళూరు వచ్చాను. కన్నడం రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. మా వార్డు సిస్టర్ గారు తమిళావిడ. ఆవిడ చూపిన ఒక పని చెబుతాను.

ఒకరోజు రాత్రి డ్యూటీలో, రోడ్డు మీద పడి ఉంటే ఎవరో తెచ్చి చేర్చిన ముసలాయన చనిపోయాడు. ఊరూ పేరూ తెలియదు. నాకు అదే మొదటి చావు. చేతులు వణుకుతున్నాయి. పొద్దున్న ఎలాగూ మార్చురీకి పంపేస్తారు కదా, దుప్పటి కప్పేస్తే చాలనుకున్నాను. సిస్టర్ గారు వచ్చి వేడినీళ్లు తెమ్మన్నారు. చల్లనీళ్లు తెస్తే వెనక్కి పంపారు. ముఖం, చెవుల వెనక, వేళ్ల సందులు, అన్నీ బతికున్న మనిషికి తుడిచినట్టే తుడిచారు. గోళ్లు పెరిగి మట్టి పట్టి ఉంటే ఒక్కొక్కటే కత్తిరించారు. తుడుస్తూ ఆయనతో మాట్లాడారు, "అప్పా, చేయి కొంచెం ఎత్తుతున్నాను" అని. చివరికి తల దువ్వి, పాపిడి ఏ వైపు తీసేవాడో అని ఆగి చూశారు. జుట్టు ఎటు పడుతుందో కనిపెట్టి అటే తీశారు.

ముప్పై ఆరేళ్లు నర్సుగా చేశాను. చనిపోయినవాళ్లను ఎప్పుడూ చల్లనీళ్లతో తుడవలేదు. నా కింద పనిచేసిన పిల్లలనూ తుడవనివ్వలేదు. సిస్టర్ గారు 1999లో చనిపోయారు. నేను అప్పుడు గల్ఫ్‌లో ఉన్నాను, రాలేకపోయాను. ఆ బాధ ఇంకా ఉంది.

వైట్‌ఫీల్డ్_సునీత
3 నవంబర్, ఉదయం 9:02

ఆఫీసు బస్సులో చదువుతున్నాను. పాపిడి దగ్గర ఆగిపోయాను అమ్మా.

సర్జాపూర్_శ్రీను
3 నవంబర్, మధ్యాహ్నం 1:20

ఎవరినీ నొప్పించాలని కాదు. కానీ నా మాట కూడా ఇక్కడ ఉండాలి. నేను చదివిన స్కూల్లో తెలుగు మాట్లాడితే ఫైన్. మూడో తరగతిలో ఫైన్ కట్టడానికి డబ్బుల్లేక, సిస్టర్ ఒకరు స్కేలుతో వేళ్ల కణుపుల మీద కొడితే రెండు రోజులు అన్నం కలుపుకోలేకపోయాను. ఆవిడ కూడా ఇప్పుడు లేరు. చనిపోయారు కాబట్టి మంచే చెప్పాలంటే నా వల్ల కాదు. నాకు గుర్తున్న సిస్టరమ్మ ఆవిడే.

కోరమంగళ_కిరణ్
3 నవంబర్, మధ్యాహ్నం 1:48

శ్రీను గారూ, మీ మాట ఇక్కడ ఉండాల్సిందే. దయచేసి ఎవరూ దీన్ని ఖండిస్తూ రాయొద్దు.

చిలకలూరిపేట_మేనకోడలు
3 నవంబర్, రాత్రి 9:55

శ్రీను గారూ, మా పిన్ని కూడా స్కూలు సిస్టరే. ఆవిడ కూడా కొట్టేది. నేను దాచను. అరవై దాటాక మా ఇంటికి వచ్చినప్పుడు ఒకసారి అమ్మతో అంది: "అక్కా, నేను కొట్టిన పిల్లల ముఖాలు రాత్రిపూట వస్తున్నాయి. పేర్లు గుర్తున్నవాళ్లకు ఉత్తరాలు రాశాను. గుర్తులేనివాళ్లను ఏం చేయను?" మీ చేతిమీద దెబ్బ దీంతో పోదు. కానీ విన్నమాట మీకు చెప్పాలనిపించింది.

పిన్ని 1958లో, పదిహేడేళ్లకు మఠంలో చేరింది. ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తున్నాయి. తాతయ్య మూడు రోజులు అన్నం ముట్టలేదు. అప్పటి నియమాలు చాలా కఠినం, చేరిన తర్వాత ఇంటికి రావడం ఉండేది కాదు. 1963లో తాతయ్య పోయారు. టెలిగ్రాం అందింది, పిన్ని మాత్రం రాలేదు. రానివ్వలేదు. అమ్మమ్మ ఆ విషయం చివరిదాకా మర్చిపోలేదు. రెండో వాటికన్ మహాసభ (1962-65లో రోములో జరిగిన బిషప్పుల సభ) తర్వాత నియమాలు సడలాయి, అంగీలు పోయి చీరలు వచ్చాయి, ఇంటికి సెలవు మీద రావడం మొదలైంది. సిస్టర్ల త్యాగం అంటాం గానీ, వాళ్ల అమ్మానాన్నలు ఇచ్చుకున్నది ఎవరూ లెక్కలో వేయరు. వేయాలి.

చివరి ఆరేళ్లు బెంగళూరులో, వాళ్ల సభలో పెద్దవయసు సిస్టర్లు ఉండే ఇంట్లో ఉంది. 2016లో చనిపోయింది. మాటపట్టు నాడు రాసి చదివిన కాగితం, జపమాల చేతిలో పెట్టి సాగనంపారు. వాళ్ల కాన్వెంటులో ఒక పుస్తకం ఉంటుంది. ప్రతి రాత్రి భోజనానికి ముందు, ఆ తేదీన చనిపోయిన సిస్టర్ల పేర్లు అందులోంచి పైకి చదువుతారు. ఎన్నేళ్ల కిందటివాళ్లయినా సరే. పిన్ని పేరు ఏడాదికొకసారి అలా వినిపిస్తుందని తెలిసి అమ్మ మనసు కుదుటపడింది.

గుర్తుగా ఏదైనా ఇవ్వమని అడిగితే మదర్ గారు పిన్ని కళ్లజోడు డబ్బా ఇచ్చారు. ఇంటికొచ్చి తెరిస్తే అందులో కళ్లజోడు లేదు, చిన్న చిన్న కాగితం ముక్కలు. క్యాలెండర్ వెనక వైపు కత్తిరించి పెన్సిల్‌తో రాసినవి. "లలిత, కాన్పు, 14." "ఆటో బాషా కూతురు, లెక్కల పరీక్ష." "వంటింట్లో పనిచేసే అమ్మాయి, భర్త తాగుడు." ఎవరు ప్రార్థన అడిగినా రాసుకునేదట. కొన్నిటి మీద అడ్డగీత. జరిగిపోయినవి అనుకుంటాను. భర్త తాగుడు కాగితం మీద గీత లేదు.

మండీ_వెంకటేశులు
4 నవంబర్, ఉదయం 11:30

మాది మదనపల్లె. నలభై ఏళ్లుగా బెంగళూరులో కూరగాయల మండీ. చదువు తక్కువ, తప్పులుంటే క్షమించండి.

హోసూరు రోడ్డులో ముసలివాళ్ల ఆశ్రమం సిస్టర్లు, లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ అంటారు, మండీకి వచ్చేవాళ్లు. ఇద్దరు ఇద్దరుగా. డబ్బు అడగరు, ఇచ్చింది తీసుకుంటారు. టమోటా కావచ్చు, బీన్స్ కావచ్చు. మా నాయన ఉన్నప్పటి నుంచి వచ్చే పెద్ద సిస్టర్ ఒకరు ఉండేవారు. మెత్తబడిన టమోటా బుట్ట పక్కన పెడితే, "వెంకటేశులూ, ఇవి మీ అమ్మకు పెడతావా?" అని అడిగారు ఒకసారి. కోపంగా కాదు, మామూలుగా అడిగారు. నేను తల దించుకున్నాను. ఆ రోజు నుంచి ఆ బుట్ట మొదటి రకంలోంచే తీస్తాను. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు వచ్చే సిస్టర్లు చిన్నవాళ్లు, వాళ్లకు ఈ సంగతి తెలియదు. బుట్ట మాత్రం అలాగే వెళుతుంది.

పాత_పేజీలు
4 నవంబర్, రాత్రి 8:15

వెంకటేశులు గారూ, మీరు రాసిన దానికి మూలం చాలా దూరంలో ఉంది. ఆ సభను మొదలుపెట్టింది ఫ్రాన్స్‌లో జాన్ జుగాన్ అనే ఆవిడ. దిక్కులేని ముసలావిడను ఇంటికి తెచ్చి తన మంచం ఇచ్చి, వాళ్ల కోసం బుట్ట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అడిగేవారు. అడిగి తెచ్చి పెట్టడమే వాళ్ల పద్ధతి అయింది. బెంగళూరులో 1900 నుంచి ఉన్నారు.

ఇంకో సంగతి. ఆ సభ పెరిగి పెద్దదయ్యాక ఆవిడను పక్కన పెట్టేశారు. ఇరవై ఏడేళ్లు మఠంలో ఒక మూల మామూలు సిస్టరుగా బతికి 1879లో చనిపోయారు. సభను స్థాపించింది ఈవిడేనని కొత్తగా చేరిన చాలామంది సిస్టర్లకు కూడా తెలియదు. 2009లో తిరుసభ ఆవిడను పునీతురాలిగా ప్రకటించింది. ఒక సిస్టర్‌ను సొంత ఇంటివాళ్లే మర్చిపోగలరని ఆవిడ కథ చెబుతుంది. కిరణ్ గారు పెట్టిన ప్రశ్న అందుకే చిన్నది కాదు.

అనంతపురం_అబ్బాయి
5 నవంబర్, రాత్రి 11:40

అందరూ టీచర్ సిస్టర్ల గురించి, నర్సు సిస్టర్ల గురించి రాస్తున్నారు. నేను వంట సిస్టర్ గురించి రాస్తాను. ప్రతి కాన్వెంటులో ఒకరు ఉంటారు. స్కూల్ డే రోజు స్టేజీ ఎక్కరు, గ్రూప్ ఫోటోలో ఉండరు.

మా బోర్డింగులో నూట ఇరవై మందిమి. ఆవిడ మేము లేవకముందే పొయ్యి ముట్టించేవారు. గంగాళంలో సంగటి కెలకడానికి తెడ్డు ఆవిడ భుజం ఎత్తు ఉండేది. కుడిచేతి మణికట్టు నుంచి మోచేయి దాకా కాలిన మచ్చలు, కొన్ని పాతవి నల్లగా, కొన్ని కొత్తవి ఎర్రగా. మేము ఆ మచ్చలు లెక్కపెట్టేవాళ్లం. నేను ఆరో తరగతిలో చేరినప్పుడు మా నాన్న చనిపోయి నెల కూడా కాలేదు. రాత్రిపూట ఏడుపు వచ్చేది. ఆవిడ ఏమీ అడిగేవారు కాదు. వంటింటి గుమ్మం దగ్గర కూర్చోబెట్టి చింతపండు గింజలు తీయమనేవారు. గింజలు తీస్తుంటే నిద్ర వచ్చేది. రెండు నెలలు అలా ఎన్ని గింజలు తీశానో. పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు, వంటకు వాడేది అంతకుముందే గింజ తీసి ఎండబెట్టిన చింతపండు. నా కోసం పిక్కలున్నది విడిగా తెప్పించేవారట. మా బోర్డింగు వాచ్‌మన్ చెప్పాడు.

ఆవిడ చనిపోయిన వార్త విచారణ గురువు (మా చర్చి ఫాదర్) గారు వాట్సాప్‌లో మూడు లైన్లలో పెట్టారు. నేను అప్పుడు ఇక్కడ, ఎలక్ట్రానిక్ సిటీలో, సాఫ్ట్‌వేర్ రిలీజ్ టెన్షన్‌లో ఉన్నాను. చూసి "ఆమెన్" అని పెట్టి పనిలో పడ్డాను. అంతే చేశాను.

సర్జాపూర్_శ్రీను
6 నవంబర్, ఉదయం 7:50

@అనంతపురం_అబ్బాయి మా స్కూల్లో కూడా వంట సిస్టర్ ఉండేవారు. నా చేయి వాచినప్పుడు రెండు రోజులు నాకు అన్నం కలిపి పెట్టింది ఆవిడే. ఇన్నేళ్లూ కొట్టినావిడే గుర్తున్నారు. పెట్టినావిడ ఈ రాత్రి గుర్తొచ్చారు.

గుంటూరు_కోడలు
6 నవంబర్, ఉదయం 10:05

ఒక సందేహం. మేమూ వచ్చి కొవ్వొత్తి పెట్టొచ్చా? మాకు మీ ప్రార్థనలు రావు.

రిటైర్డ్_నర్సు
6 నవంబర్, ఉదయం 10:40

తల్లీ, మీ అత్తగారు ఎన్నో ఏళ్లుగా దీపం పెడుతూనే ఉన్నారు కదా. రండి. మా నమ్మకం ప్రకారం చనిపోయినవాళ్ల ఆత్మ విశ్రాంతికి నవంబర్ నెలంతా ప్రార్థన చేస్తాం. ప్రార్థనలు మేము చెబుతాం, మీరు పక్కన నిలబడండి.

కోరమంగళ_కిరణ్
9 నవంబర్, సాయంత్రం 6:30

ఈరోజు ఏడుగురం కలిశాం. అమ్మ, నర్సమ్మ గారు, గుంటూరు కోడలు గారు, వాళ్ల అత్తగారు (ఈ పని కోసమే రైలెక్కి వచ్చారు), శ్రీను గారు, వెంకటేశులు గారు, నేను. ముందుగా కాన్వెంటుకు ఫోన్ చేస్తే ఒక పెద్ద సిస్టర్ గారు ఆ పుస్తకం పట్టుకుని కర్ర ఊతతో వచ్చారు. ఒక్కో సమాధి దగ్గర ఆగి, పేరు చదివి, ఆవిడ ఏం పని చేశారో చెప్పారు. పద్దెనిమిది మందిలో ఆరుగురు నర్సులు, ఏడుగురు టీచర్లు, ఒకరు కుట్టుపని నేర్పినావిడ, ముగ్గురు వంట. ఒక సిస్టర్ చేరిన పదకొండు నెలలకే టైఫాయిడ్‌తో పోయారు, ఇంకా ఏ పనీ అప్పగించలేదు. ఆ సమాధి దగ్గర పెద్ద సిస్టర్ గారు కాసేపు నిలబడిపోయారు. ఇద్దరూ ఒకే రోజు చేరారట.

వంట సిస్టర్ల మూడు సమాధులకూ శ్రీను గారే వెలిగించారు. అత్తగారు తెచ్చిన కుంకుమ ఏం చేయాలో తెలియక చేతిలోనే పట్టుకుని ఉంటే, పెద్ద సిస్టర్ గారు చూసి, "ఆ పక్కన మట్టి మీద పెట్టమ్మా" అన్నారు.

@అనంతపురం_అబ్బాయి మీరు రాలేదు. అంతా బాగానే ఉందా?

అనంతపురం_అబ్బాయి
10 నవంబర్, ఉదయం 8:20

బాగానే ఉన్నానన్నా. శనివారం రాత్రి బస్సుకు ఊరెళ్లాను. ఆవిడ సమాధి బోర్డింగు వెనక, చింతచెట్టు కింద ఉంది. పేరు చెరిగిపోవచ్చింది. పక్క వీధిలో నేమ్‌బోర్డులు రాసే అతన్ని పిలుచుకొచ్చి అక్షరాలకు నల్లరంగు వేయించాను. ఒక అక్షరానికి ఒత్తు పూర్తిగా పోయింది, తడిమి చూసి గాడి ఎక్కడుందో కనుక్కుని వేశాడు. నిన్న మధ్యాహ్నానికి ఆరింది. ఫోటో రాత్రికి పెడతాను.